తరగతి గదిలో ఆట: ఎత్తే లెక్క అయినప్పుడు

గణిత బోధనలో ఆటకు సాధారణంగా దక్కే స్థానం చాలా చిన్నది. పాఠం ముగిసిన తరువాత మిగిలిన పది నిమిషాలలోనో, శనివారం చివరి పీరియడులోనో, లెక్కలు త్వరగా పూర్తిచేసిన పిల్లలకు బహుమతిగానో అది తరగతి గదిలోకి ప్రవేశిస్తుంది. గణితం శ్రమ అనీ, ఆట ఆ శ్రమ నుండి విరామమనీ ముందే ఒప్పుకొని చేసిన ఏర్పాటు అది. దానివల్ల పిల్లలకు ఉల్లాసం కలగవచ్చును గాని, సంఖ్యల గురించిన అవగాహన పెరుగుతుందనడానికి ఆధారం లేదు. అయితే ఆటను మరొక విధంగా, అంటే గణిత భావన పిల్లల చేతిలోకి వచ్చే సాధనంగా వాడిన చోట లభించిన ఫలితాలు ఎంతో ఆసక్తికరంగా ఉన్నాయి. ఏ ఆట ఎందుకు పనిచేస్తుందో, ఎంతవరకు పనిచేస్తుందో చెప్పగలిగిన పరిశోధన ఇప్పుడు కొంత అందుబాటులో ఉంది.

ఆటలో ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు చేసే పనిని తెలుగులో ఎత్తు అంటారు. గణితానికీ ఎత్తుకూ ఉన్న సంబంధాన్ని బట్టి తరగతి ఆటలను రెండు రకాలుగా విడదీయవచ్చు. మొదటి రకంలో ఏడు ఎనిమిదుల ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పిన పిల్లవానికి పాచిక వేసే అవకాశం ఇస్తారు. ఆ పాచికకూ ఎక్కాలకూ ఏ సంబంధమూ లేదు, ప్రశ్న స్థానంలో రాజధానుల పేర్లు అడిగినా ఆట అలాగే సాగుతుంది. రెండవ రకంలో ఏ ఎత్తు వేయాలో నిర్ణయించుకోవడానికే పిల్లలు కూడవలసి, భాగించవలసి, పోల్చవలసి, ముందుగా ఊహించవలసి వస్తుంది. గణితాన్ని తీసివేస్తే ఆటే మిగలదు. తరగతి గది సమయానికి యోగ్యమైనది ఈ రెండవ రకమే. మొదటి రకం ఆటలో అప్పటికే ఎక్కాలు వచ్చిన పిల్లలు గెలుస్తారు, రానివారు ప్రేక్షకులవుతారు, ఆట ముగిసేసరికి ఎవరికి ఏది తెలుసో అదే తెలిసి ఉంటుంది.

రెండవ రకానికి అతి సరళమైన ఉదాహరణ అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించిన ఒక చిన్న ఆట. అల్పాదాయ కుటుంబాల నుండి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లలకు వారు ఒక పొడవాటి అట్టను ఇచ్చారు. దానిమీద ఎడమనుండి కుడికి 1 నుండి 10 వరకు అంకెలు వేసిన పది గళ్ళు వరుసగా ఉంటాయి. తిప్పే ముల్లు 1 లేదా 2 దగ్గర ఆగుతుంది, పిల్లలు తమ గుర్తును అన్ని గళ్ళు ముందుకు జరుపుతారు, ఆట అంతే. రెండు వారాల వ్యవధిలో ఒక్కొక్కటి పావుగంట చొప్పున నాలుగు సార్లు ఆడిన తరువాత ఆ పిల్లలు లెక్కపెట్టడంలోనూ, అంకెలను గుర్తించడంలోనూ, రెండు సంఖ్యలలో ఏది పెద్దదో చెప్పడంలోనూ, 0 నుండి 10 వరకు గీసిన ఖాళీ గీతమీద 7 ఎక్కడ ఉంటుందో చూపడంలోనూ మెరుగయ్యారు. తొమ్మిది వారాల తరువాత పరీక్షించినప్పుడు కూడా ఆ మెరుగుదల నిలిచే ఉంది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. అదే అట్టమీద అంకెలకు బదులు రంగులు వేసి ఆడించిన పిల్లలలో ఇటువంటి మార్పు కనిపించలేదు. మరుసటి ఏడాది ప్రకటించిన మరొక పరీక్షలో అవే అంకెలను గడియారంలో మాదిరి వలయంగా అమర్చినప్పుడు వరుస గళ్ళ ఆట ఇచ్చినంత ఫలం దక్కలేదు.

ఇంత చిన్న ఆట అంత పని ఎందుకు చేసిందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. 8వ గడికి చేరిన పిల్లవాడు 4వ గడిలో ఉన్నవాని కంటే రెట్టింపు దూరం గుర్తును జరిపి ఉంటాడు, రెట్టింపు అంకెలను పైకి పలికి ఉంటాడు, దానికి సుమారు రెట్టింపు సమయం తీసుకొని ఉంటాడు. కన్నూ చెయ్యీ నోరూ ఒకే విషయాన్ని ఏకకాలంలో చెబుతాయి. సంఖ్య పెరగడమంటే పరిమాణం సమానమైన మెట్లలో పెరగడమని తెలియజేసే ఈ చిత్రాన్ని గణితంలో సంఖ్యారేఖ అంటారు. పెద్ద తరగతులలో రుణ సంఖ్యలూ, భిన్నాలూ, దశాంశాలూ అన్నీ ఆ రేఖమీదే చోటు వెతుక్కొంటాయి. ఆడే తీరులో ఒక చిన్న నియమం కూడా ఇందులో కీలకం. 3వ గడిలో ఉండి ముల్లు 2 చూపితే పిల్లవాడు “ఒకటి, రెండు” అని కాకుండా “నాలుగు, అయిదు” అని గడిలోని అంకెను పలుకుతూ జరపాలి. తరువాత 100 వరకు ఉన్న పటంతో ఎలీడా లాస్కీ, సీగ్లర్ కలిసి 2014లో ప్రకటించిన పరిశోధనలో ఈ విధంగా ఉన్న చోటునుండి ముందుకు లెక్కించిన పిల్లలే ప్రయోజనం పొందినట్లు తేలింది. పటమూ గుర్తులూ అవే, మారింది నోటితో పలికే మాట ఒక్కటే.

ఈ ఫలితాన్ని తెలుగు ఇళ్ళలో బాగా తెలిసిన వైకుంఠపాళికి అన్వయించి చూస్తే ఒక ఉపయోగకరమైన సంగతి బయటపడుతుంది. పాపపుణ్యాల ఫలాన్ని పాములుగా, నిచ్చెనలుగా చూపడానికి రూపొందిన ఆ పటంలో అంకెలు దారి చూపే గుర్తులు మాత్రమే; నేడు బజారులో దొరికే 100 గళ్ళ పటంలో ఒక వరుస ఎడమనుండి కుడికీ, దాని పై వరుస కుడినుండి ఎడమకూ నడుస్తాయి. దానివల్ల 4 ఉన్న గడికి నేరుగా పైన 17, దానికి పైన 24, ఆపైన 37 వస్తాయి. ప్రతి వరుసా ఎడమనుండే మొదలయ్యేలా అంకెలు వేసిన పటాన్ని ఉపాధ్యాయుడు తయారుచేసుకొంటే 4కు పైన 14, ఆపైన 24, 34 వరుసగా నిలుస్తాయి, ఒక గడి పైకి వెళ్ళడమంటే పది కలపడమని పటమే చెబుతుంది. అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారడాన్ని స్థాన విలువ అంటారు. ఒకటి రెండు తరగతులలో ఇంతకంటే కష్టమైన భావన మరొకటి లేదు. ఒక డ్రాయింగు షీటు ఖర్చుతో ఆ భావనను ఆటలోకి తేవడానికి వీలున్నప్పుడు పాత పటాన్నే యథాతథంగా వాడడం అవకాశాన్ని వదులుకోవడమే.

కొంచెం పెద్ద పిల్లలకు సంభావ్యతను, అంటే ఒక సంఘటన జరిగే అవకాశం ఎంత అన్నదానిని సంఖ్యతో చెప్పే పద్ధతిని, బోధించడానికి అష్టా చెమ్మాను మించిన పరికరం దొరకడం కష్టం. ఈ శాస్త్రం పుట్టుకలోనే ఆట ఉంది: మధ్యలో ఆగిపోయిన ఆటలోని పందెపు సొమ్మును ఆటగాళ్ళ మధ్య న్యాయంగా ఎలా పంచాలన్న ప్రశ్నమీద 1654లో ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్, పియరె ఫెర్మా రాసుకొన్న ఉత్తరాలతో దాని చరిత్ర మొదలవుతుందని చెబుతారు. అష్టా చెమ్మాలో అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు చొప్పున 25 గళ్ళ పటం ఉంటుంది, నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని గవ్వలు వెల్లకిల పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. గవ్వలు దొరకనిచోట చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి వాడుకొంటారు.

ప్రతి గవ్వా రెండు విధాలుగా పడగలదు గనుక నాలుగు గవ్వలు కలిసి 2×2×2×2, అంటే 16 విధాలుగా పడగలవు. ఛందస్సు చదువుకొన్నవారికి ఈ 16 పరిచితమైనదే: నాలుగక్షరాల పాదంలో గురులఘువులను అమర్చగల విధాలు కూడా సరిగ్గా 16, వాటిని వరుసగా రాసే ప్రక్రియనే ప్రస్తారమంటారు. గవ్వ వెల్లకిల పడడాన్ని గురువుగా, బోర్లా పడడాన్ని లఘువుగా రాసుకొంటే తెలుగు తరగతిలో నేర్చిన పనే గణిత తరగతిలో ఉపయోగపడుతుంది. ఆ పదహారింటిలో ఒక్క గురువు ఉన్నవి 4, రెండున్నవి 6, మూడున్నవి 4, అన్నీ గురువులైనది 1, ఒక్కటీ లేనిది 1. అంటే రెండు పడే అవకాశం 16లో 6 పాళ్ళు, అష్ట పడే అవకాశం 16లో 1 పాలు. 1, 4, 6, 4, 1 అన్న ఈ వరుసను పాశ్చాత్యులు పాస్కల్ త్రిభుజమన్న పేరుతో ఎరుగుదురు. పింగళుని ఛందశ్శాస్త్రానికి పదవ శతాబ్దిలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు దానినే మేరు ప్రస్తారమన్న పేరుతో వివరించాడు. రెండు విజ్ఞాన శాఖలు ఒకే పట్టికలో కలిసే ఇటువంటి ఘట్టం పాఠ్యపుస్తకాలలో అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు దానిని పిల్లలకు చూపించకపోవడం అన్యాయం.

ఈ లెక్కలో గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందన్న ఊహ దాగి ఉంది, నిజమైన గవ్వ అలా పడదు. దాని వీపు గుండ్రం, నోరు చదును. ఈ లోపమే బోధనకు వరమవుతుంది. 36 మంది ఉన్న తరగతిని నలుగురేసి చొప్పున తొమ్మిది జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టు 50 సార్లు గవ్వలు వేసి పందేలను గీతల గుర్తులతో నమోదు చేస్తే మొత్తం 450 పందేలు పోగవుతాయి. సమానంగా పడే గవ్వలైతే వాటిలో సుమారు 169 రెండ్లూ, 28 అష్టలూ ఉండాలి. ఒక జట్టులో అష్ట ఒక్కసారీ పడకపోవచ్చు, మరొక జట్టులో ఏడుసార్లు పడవచ్చు. తొమ్మిది జట్ల పట్టికలను కలిపినకొద్దీ ఈ హెచ్చుతగ్గులు సర్దుకొని ఒక స్థిరమైన నిష్పత్తి కనిపిస్తుంది. ప్రయత్నాలు పెరిగేకొద్దీ గమనించిన నిష్పత్తి నిజమైన అవకాశానికి దగ్గరవుతుందన్న ఈ సూత్రాన్ని బృహత్ సంఖ్యల నియమం అంటారు. దానిని మొదట నిరూపించిన జాకబ్ బెర్నూలీ గ్రంథం 1713లో వెలువడింది. స్థిరపడిన నిష్పత్తి 16లో 6 పాళ్ళకు దూరంగా ఉంటే గవ్వలోనే తేడా ఉందా అన్న ప్రశ్న పుడుతుంది, ఒక్క గవ్వనే వందసార్లు వేసి చూద్దామన్న ఆలోచన పిల్లలనుండే వస్తుంది. ప్రయోగం, ఊహ, సవరణ అన్న శాస్త్రీయ పద్ధతి అంతా అప్పటికి ఆ నేలమీదే పూర్తయి ఉంటుంది.

సగటు అన్న భావనకు కూడా ఇక్కడే చోటుంది. పదహారు విధాలలో పడే పందేలన్నీ కూడితే 40 వస్తుంది, దానిని 16తో భాగిస్తే ఒక పందేనికి సగటున రెండున్నర. ఒక కాయ తన ఇంటినుండి బయలుదేరి వెలుపలి వలయమూ, లోపలి వలయమూ తిరిగి మధ్య గడిలో పండడానికి 24 గళ్ళు నడవాలి గనుక అది పండడానికి దాదాపు పది పందేలు పడతాయని అంచనా వేయవచ్చు. ఎదుటివారు కాయను చంపడం, చెమ్మకూ అష్టకూ మరొక పందెం దక్కడం, చివరి గడికి సరిగ్గా సరిపోయే పందెమే కావలసిరావడం ఈ అంచనాను మారుస్తాయి. ఎటు మారుస్తాయో ముందుగా ఊహించి, ఆడి చూసి, సరిపోల్చుకోవడం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు తగిన పని.

వామన గుంటలు మరొక కోవకు చెందిన ఆట. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ అనేక రూపాలలో కనిపించే మంకాలా కుటుంబానికి చెందిన ఈ ఆటను తెలుగు నేలమీద ప్రధానంగా ఆడవారూ పిల్లలూ కాపాడుకొంటూ వచ్చారు. రెండు వరుసలలో ఏడేసి గుంటలు, గుంటకు అయిదు చొప్పున చింతపిక్కలు వేసుకొన్నారనుకొంటే మొత్తం 70. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటి చొప్పున పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోయాక తరువాతి గుంటలోనివి తీసి మళ్ళీ పంచాలి. ఆ తరువాతి గుంట ఖాళీగా ఉంటే దానిని తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవి గెలుచుకోవాలి. ఊరినిబట్టి నియమాలు కొంత మారినా ఈ సారం అంతటా ఒకటే. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో ముందుగా తెలుసుకోగలిగినవారే ఈ ఆటలో గెలుస్తారు. గుంటలకు 1 నుండి 14 వరకు వరుస సంఖ్యలు ఇస్తే, 9వ గుంటనుండి 8 పిక్కలు తీసినవారి చివరి పిక్క 17వ స్థానంలో, అంటే 14 తీసివేయగా 3వ గుంటలో పడుతుంది. ఒక నిర్ణీత సంఖ్య దాటగానే మళ్ళీ మొదటికి వచ్చే ఈ గణనను శేషాంకగణితం అనవచ్చు. ఈ రోజు బుధవారమైతే వంద రోజుల తరువాత ఏ వారమన్న లెక్క కూడా ఇదే జాతిది. ఆట ఒక విడత ముగిశాక ఒకరికి 38, మరొకరికి 32 పిక్కలు మిగిలాయనుకొంటే, రెండవవారు అయిదేసి చొప్పున ఆరు గుంటలే నింపగలరు, రెండు పిక్కలు మిగులుతాయి, ఏడవ గుంట ఖాళీగా నిలుస్తుంది. 32ను 5తో భాగిస్తే భాగఫలం 6, శేషం 2 అని నల్లబల్లమీద రాసినప్పుడు అర్థంలేని గుర్తుగా కనిపించే శేషం ఇక్కడ చేతిలో మిగిలిన రెండు పిక్కలై కనిపిస్తుంది. ఏమీ లేని గుంటే గెలుపును నిర్ణయించడం కూడా గమనింపదగినది. సున్న అంటే పట్టించుకోనక్కరలేనిదన్న అపోహ పిల్లలలో బలంగా ఉంటుంది. ఖాళీ గుంట ఎక్కడుందో వెతకడం అలవాటైనవారికి ఆ అపోహ నిలవదు.

పులి మేక ఆటను కూడా ఈ జాబితాలో చేర్చాలని కొందరు ఆశిస్తారు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే ఆ ఆట ముందుచూపునూ ఓర్పునూ పెంచే గొప్ప ఆటే, అయినా దానిలో పాఠ్యాంశమైన గణితం ఫలానా అని వేలుపెట్టి చూపడం కష్టం. ప్రతి మంచి ఆటనూ గణితపు ఆట అనడం రెంటికీ మేలు చేయదు.

సంప్రదాయపు ఆటలే కావాలన్న నియమమూ లేదు. కాగితమూ పెన్సిలూ చాలిన కారణాంకాల ఆట ఒకటి చాలా దేశాల ఉపాధ్యాయులకు పరిచయం. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్యలు దాని కారణాంకాలు. 1 నుండి 30 వరకు సంఖ్యలు రాసుకొని, మొదటివారు ఒక సంఖ్యను ఎంచుకొని అన్ని పాయింట్లు తీసుకొంటారు. దానిని మినహాయించి దాని మిగిలిన కారణాంకాలన్నిటి మొత్తం ఎదుటివారికి పోతుంది. వాడిన సంఖ్యలను కొట్టివేస్తారు. కారణాంకమేదీ మిగలని సంఖ్యను ఎంచుకోరాదు. పెద్దదే మేలనుకొని 30ని ఎంచుకొన్నవారు 1, 2, 3, 5, 6, 10, 15లను, అంటే 42 పాయింట్లను ఎదుటివారి చేతిలో పెడతారు. 24కు కూడా అదే గతి: ఎదుటివారికి 36 వస్తాయి. 29ని ఎంచుకొన్నవారు మాత్రం ఒక్క పాయింటే ఇస్తారు, ఎందుకంటే 1, తాను తప్ప మరే కారణాంకమూ లేని ప్రధాన సంఖ్య అది. ఈ రహస్యం తెలిసిన పిల్లవాడు తరువాతి వంతులో 23 కోసం ఎగబడతాడు, కాని 1 అప్పటికే కొట్టివేయబడి ఉండడంతో ప్రధాన సంఖ్యలేవీ ఎంచుకోవడానికి పనికిరావని తెలుసుకొంటాడు. అప్పుడు అతని చూపు 25 మీద పడుతుంది, దానిలో మిగిలినది 5 ఒక్కటే. 28 దగ్గర మరొక వింత ఎదురవుతుంది: 1, 2, 4, 7, 14 కలిపితే సరిగ్గా 28, ఇద్దరికీ సమానం. ఇటువంటి వాటిని పరిపూర్ణ సంఖ్యలంటారు, 30 లోపు 6, 28 మాత్రమే అటువంటివి. ఒక్క పీరియడులో నాలుగైదు సార్లు ఆడిన పిల్లలు వందకు పైగా కారణాంకాలను వెతికి ఉంటారు. అభ్యాసం పేరుతో అన్నే లెక్కలు ఇస్తే ఎందరు పూర్తిచేస్తారో ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు.

దీనికంటే సులువైన సామగ్రితో, అంటే 21 గులకరాళ్ళతో, నిరూపణ అనే భావనను కూడా తాకవచ్చు. ఇద్దరు ఆటగాళ్ళు వంతులవారీగా ఒకటో రెండో మూడో రాళ్ళు తీస్తారు, చివరి రాయి తీసినవారిది గెలుపు. కొంతసేపు ఆడిన పిల్లలు ఎదుటివారికి 4 రాళ్ళు వదిలితే చాలునని గమనిస్తారు, తరువాత 8 వదిలినా చాలునని, అలా వెనక్కి నడుస్తూ 12, 16, 20లకు చేరుతారు. మొదటి ఆటగాడు ఒక రాయి తీసి 20 వదిలి, ఆపైన ఎదుటివారు తీసినదీ తాను తీసినదీ కలిసి ఎప్పుడూ నాలుగే అయ్యేలా చూసుకొంటే ఓటమి లేదు. ఈ వాక్యమే నిరూపణ, “నేను పదిసార్లు గెలిచాను” అనడానికీ, “ఎవరితో ఆడినా గెలుస్తాను, ఎందుకంటే...” అనడానికీ ఉన్న తేడా గణితానికి ప్రాణం వంటిది. చివరి రాయి తీసినవారు ఓడిపోతారని నియమం మారిస్తే గెలుపు రెండవ ఆటగాడికి మారిపోతుంది, ఎందుకో పిల్లలే కనుక్కోవాలి. అనేక కుప్పలతో ఆడే దీని పెద్ద రూపానికి నిమ్ అని పేరుపెట్టి, గెలుపు సూత్రాన్ని పూర్తిగా వివరించిన వ్యాసాన్ని హార్వర్డ్ గణితజ్ఞుడు చార్లెస్ బౌటన్ 1901లో ప్రకటించాడు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఆట ఉంటే చాలు, గణితం దానంతట అదే వచ్చేస్తుందన్న భావన కలిగితే అది పొరపాటు. ఆ భావనను సరిదిద్దే అత్యంత బలమైన సాక్ష్యం ఢిల్లీనుండే వచ్చింది. మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు ప్రథమ్ సంస్థతో కలిసి అక్కడి 214 పూర్వ ప్రాథమిక కేంద్రాలలో 1,540 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2017లో సైన్స్ పత్రికలో వెలువడింది. చుక్కల గుంపులలో ఏది ఎక్కువో అంచనా వేసే ఆటలూ, ఆకారాలలో భిన్నమైనదానిని గుర్తించే ఆటలూ నాలుగు నెలలపాటు ఆడిన పిల్లలలో ఆ సహజ సామర్థ్యాలు పెరిగాయి, ఏడాది గడిచిన తరువాత కూడా నిలిచాయి. కాని అదే పిల్లలు బడిలో చేరాక అంకెలతో, గుర్తులతో చేసే లెక్కలలో తోటివారికంటే ముందు నిలవలేదు. ఆటలోని అవగాహన బడి లెక్కదాకా ప్రయాణించలేదన్నమాట. ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లలపై అభిజిత్ బెనర్జీ, డుఫ్లో, స్పెల్కీ తదితరులు జరిపి 2025లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఇదే అగాధాన్ని మరొక ఒడ్డునుండి చూపింది: బేరంలో చిక్కు లెక్కలు నోటితో చేయగలిగిన పిల్లలు అంతకంటే సులువైన పుస్తకపు లెక్కల దగ్గర తడబడ్డారు, బడిలో మాత్రమే నేర్చిన పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు.

కనుక ఆటకూ నోటుపుస్తకానికీ మధ్య వంతెన కట్టడమే ఉపాధ్యాయుని అసలు పని, దానిని ఏ ఆటవస్తువూ భర్తీ చేయలేదు. వామన గుంటలలో పిక్కలు పంచిన వెంటనే 9 + 8 = 17, 17 − 14 = 3 అని రాయించడం, అష్టా చెమ్మా పందేలను పట్టికగా, పట్టికను కమ్మీ చిత్రంగా మార్పించడం, గులకరాళ్ళ ఆటలో గెలుపు నియమాన్ని ఒక వాక్యంలో రాసి మరొక జట్టు దానిని తప్పని చూపగలదేమో ప్రయత్నించమనడం ఇటువంటి వంతెనలు. ఆట మధ్యలో “ఈ ఎత్తు ఎందుకు వేశావు”, “ఇంకేమి వేయవచ్చు” అని అడిగే రెండు ప్రశ్నలు ఆట ముగిశాక ఇచ్చే అరగంట ఉపన్యాసం కంటే విలువైనవి. మరుసటి రోజు ఆట లేకుండా, అదే పరిస్థితిని కాగితంమీద మాత్రమే చూపి ఎత్తు చెప్పమనడం ఇంకా ముఖ్యం. ఢిల్లీ పిల్లలకు దక్కనిది బహుశా ఈ మెట్టే.

వేగంతో గెలిచే ఆటల విషయంలో జాగ్రత్త అవసరం. లెక్క చేసేటప్పుడు అంకెలను కొద్దిసేపు మనసులో నిలిపి ఉంచే సామర్థ్యాన్ని మనస్తత్వ శాస్త్రంలో క్రియాశీల స్మృతి అంటారు. భయం ఆ చోటును ఆక్రమిస్తుందనీ, గణితమంటే భయపడేవారు తమకు తెలిసిన లెక్కనే తప్పుచేయడానికి అది ఒక కారణమనీ మార్క్ ఆష్‌క్రాఫ్ట్ వంటి పరిశోధకులు చూపారు. ముందుగా జవాబు అరిచినవారికే పాయింటు అన్న పోటీ ఆ భయాన్ని తరగతి అంతటి ఎదుట పెంచుతుంది. ఓడినవారిని ఆటనుండి తప్పించే నియమం కూడా మంచిది కాదు, ఎందుకంటే అందరికంటే ఎక్కువ అభ్యాసం అవసరమైన పిల్లలే అందరికంటే ముందు బయట కూర్చోవలసి వస్తుంది. అదృష్టం కొంత, ఆలోచన కొంత కలిసిన ఆటలకు ఇక్కడ ఒక మేలు ఉంది: గవ్వలు అనుకూలిస్తే వెనుకబడిన పిల్లవాడు కూడా గెలుస్తాడు, రేపు మళ్ళీ ఆడాలని కోరుకొంటాడు.

విధాన పత్రాలలో ఈ దిశకు ఆమోదం ఇప్పటికే ఉంది. 2020 జాతీయ విద్యా విధానమూ, 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమమూ, 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రమూ చిన్న తరగతులలో ఆట ద్వారా బోధనను ముఖ్య మార్గంగా చెప్పాయి. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా విడుదలైంది. మరొకవైపు పిల్లల చదువు స్థాయిని సర్వే ద్వారా కొలిచే 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడవ తరగతి పిల్లలలో తీసివేత చేయగలిగినవారు మూడింట ఒక వంతు మాత్రమే. పెట్టెలు పంపడంతో ఈ దూరం తగ్గదు. ఏ ఆట ఏ భావనకు, ఏ తరగతికి, ఏ ప్రశ్నలతో, ఏ రాతపనితో అన్న వివరం ఉపాధ్యాయుల చేతికి తెలుగులో అందాలి. ఆ వివరం తయారుచేయడానికి జిల్లా విద్యా శిక్షణ సంస్థలకంటే తగిన చోటు లేదు. ఊరూరా మారే వామన గుంటల నియమాలూ, గవ్వల ఆటల పటాలూ తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారిని అడిగి రాసుకొని, తరగతిలో ఆడించి చూసి, పనిచేసినదానినీ చేయనిదానినీ నమోదు చేసే పనిని శిక్షణలో ఉన్న ప్రతి ఉపాధ్యాయునికీ ఈ విద్యా సంవత్సరం నుండే అప్పగించాలి.